ఊళ్ళో అమ్మానాన్నల కంప్యూటర్‌ని దూరం నుంచి చూసుకోవడం: రిమోట్ యాక్సెస్‌ని ఎంతవరకు నమ్మొచ్చు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

మా అమ్మానాన్నలు తెనాలిలో, నేను డల్లాస్ దగ్గర. నాన్నగారు టీచరుగా రిటైరయ్యారు. ఇంట్లో ఆయనకో డెస్క్‌టాప్ ఉంది. గుడి కమిటీ లెక్కలు ఎక్సెల్‌లో, రాసుకునే వ్యాసాలు అను ఫాంట్లలో, మనవరాళ్ళ ఫొటోలు ఒక ఫోల్డర్లో. ఆ కంప్యూటర్‌కి ఏం వచ్చినా నేను ఇక్కణ్ణుంచే చూడాలి. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. ఈ సంగతి తెలిసిన స్నేహితులూ చుట్టాలూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే కింద రాశాను. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి ఊళ్ళో ఇంటిని చూసుకునేవాళ్ళ పరిస్థితీ ఇంచుమించు ఇదే.

రిమోట్ యాక్సెస్ సాఫ్ట్‌వేర్‌ని అసలు నమ్ముకోవచ్చా?

నమ్ముకోవచ్చు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ లాంటివి ఏళ్ళ తరబడి నలిగి గట్టిపడ్డ సాఫ్ట్‌వేర్లు. మామూలు రోజున అవి సరిగానే పనిచేస్తాయి. నాకు కనెక్షన్ దొరకని రోజులన్నీ గుర్తు చేసుకుంటే, తప్పు సాఫ్ట్‌వేర్‌ది అయిన సందర్భాలు చాలా తక్కువ. కరెంటు పోయి ఉంటుంది, రూటర్ ఆగి ఉంటుంది, కంప్యూటర్ నిద్రలోకి వెళ్ళి ఉంటుంది, లేదా ఇంట్లో ఎవరో స్విచ్ కట్టేసి ఉంటారు.

అందుకే "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని నన్ను అడిగినవాళ్ళని నేను ముందు వేరే ప్రశ్న అడుగుతాను: "మీ ఇంట్లో రూటర్ ఏ స్విచ్‌కి పెట్టారు?" సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి పదినిమిషాలు చాలు. ఇంటిని సిద్ధం చేయడానికి మాత్రం ఊరెళ్ళినప్పుడు ఒక రోజు పూర్తిగా కేటాయించాలి.

ఇది పనిచేసేది ఎలా? ఒక నంబరు కొడితే ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఎలా తెరుచుకుంటుంది?

ఇంటి కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆన్ అవ్వగానే తనంతట తానే ఆ కంపెనీ సర్వర్‌కి కనెక్ట్ అయి, "నేను ఉన్నాను, నా నంబరు ఇది" అని చెప్పి కూర్చుంటుంది. మనం ఇటువైపు నుంచి ఆ నంబరు కొడితే సర్వర్ ఇద్దరినీ కలుపుతుంది. వీలైతే రెండు కంప్యూటర్లూ నేరుగా మాట్లాడుకుంటాయి. వీలు కాకపోతే మొత్తం ట్రాఫిక్ కంపెనీ సర్వర్ మీదుగా పోతుంది. అప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

ఇది తెలుసుకోవడం ఎందుకంటే, మన దేశంలో చాలా ఇళ్ళ ఇంటర్నెట్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు. కంపెనీ ఒకే అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచుతుంది. మీ రూటర్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే మీ ఇల్లు కూడా ఆ లెక్కలోనిదే. అలాంటి చోట "పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టు, నేరుగా కనెక్ట్ అవ్వొచ్చు" అనే పాత సలహా (అంటే బయటి నుంచి వచ్చేవాళ్ళకి రూటర్‌లో ఒక దారి తెరిచి పెట్టడం) పనిచేయదు. సర్వర్ ద్వారా కలిపే సాఫ్ట్‌వేర్లకి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ ఇంటి కంప్యూటరే బయటికి ఫోన్ చేసినట్టు. బయటివాళ్ళు లోపలికి రావాల్సిన పనే ఉండదు.

కనెక్షన్ దొరకకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఏమిటి?

మా ఇంటి సంగతే చెప్తాను. మొదటి రెండేళ్ళు నాకు అర్థంకాని విషయం ఒకటుండేది. పగలంతా బాగా పనిచేసే కనెక్షన్ రాత్రి తొమ్మిదిన్నర దాటితే పోయేది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్లు చేశాను, సాఫ్ట్‌వేర్ మార్చాను, రూటర్ కూడా మార్పించాను. ఊరెళ్ళినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. అమ్మ పడుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి, గ్యాస్ కట్టి, తలుపులు గడియపెట్టి, ప్రతి గదిలో స్విచ్‌లన్నీ కట్టేస్తుంది. హాల్లో రూటర్ స్విచ్ కూడా అందులో ఒకటి. "రాత్రంతా లైట్లు మిణుకుమిణుకుమంటుంటే ఎందుకులే అని కట్టేస్తాను" అంది. అందులో అమ్మ తప్పేమీ లేదు. ఆ చిన్న పెట్టె ఎందుకు వెలుగుతూ ఉండాలో నేనే ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ స్విచ్ మీద తెల్ల టేపు అంటించి ఉంది. దాని మీద నాన్నగారి ముత్యాల్లాంటి అక్షరాలతో "ఇది కట్టవద్దు" అని రాసి ఉంది. పనమ్మాయికి, ఇంటికొచ్చే ఎలక్ట్రీషియన్‌కి కూడా అర్థమయ్యేది అదొక్కటే. ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడు మాత్రం ప్లగ్ తీసేయమనే చెప్పాను. పిడుగు పడి కాలిపోయిన రూటర్‌ని ఏ సాఫ్ట్‌వేర్ కలపలేదు. వాన వెలిశాక మళ్ళీ పెట్టడం గుర్తు చేస్తే చాలు.

దాని తర్వాతి స్థానం నిద్రది. విండోస్ కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే స్లీప్‌లోకి పోతుంది, పోయాక సర్వర్‌తో మాట్లాడదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ అనే చోట స్లీప్‌ని "నెవర్" అని పెట్టాలి. స్క్రీన్ ఆరిపోయినా పరవాలేదు, దానికీ దీనికీ సంబంధం లేదు. ల్యాప్‌టాప్ అయితే మూత వేసినప్పుడు ఏం చేయాలన్న సెట్టింగ్‌ని కూడా "ఏమీ చేయవద్దు" అని మార్చాలి. మా పిన్ని ప్రతిసారీ పని అయ్యాక ల్యాప్‌టాప్ మూసి పైన చేతిరుమాలు కప్పేది. ఆ ఒక్క సెట్టింగ్ మార్చాక ఆమె ల్యాప్‌టాప్ నాకు మళ్ళీ అందకపోవడం అన్నది లేదు.

మూడోది అప్‌డేట్లు. విండోస్ అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుని రీస్టార్ట్ అవుతుంది. సాఫ్ట్‌వేర్‌ని సరిగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్ దగ్గరే అది లేచి కూర్చుంటుంది, ఇంట్లో ఎవరూ లాగిన్ అవ్వనక్కర్లేదు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే రన్ చేసి వదిలేస్తే మాత్రం రీస్టార్ట్‌తో దాని పని అయిపోయినట్టే. "నిన్న పనిచేసింది, ఇవాళ కనబడట్లేదు" అనేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

కంప్యూటర్ రోజంతా ఆన్‌లో ఉంచాలంటే కరెంటు బిల్లు?

ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ సుమారు 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకి 1.2 యూనిట్లు, నెలకి 36 యూనిట్లు. స్లాబు మారే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఆ ఖర్చు పెట్టొద్దనే నేను చెప్తాను. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవ్వగానే, విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్ స్క్రీన్) ఆర్‌టీసీ అలారం, అంటే కంప్యూటర్ లోపలి గడియారం మీద నడిచే అలారం, అనే సౌకర్యం చాలా మదర్‌బోర్డుల్లో ఉంటుంది. చెప్పిన టైముకి కంప్యూటర్ తనంతట తానే ఆన్ అవుతుంది. మా ఇంట్లో పొద్దున్న ఆరున్నరకి ఆన్ అయ్యేలా పెట్టాను. అప్పుడు నాన్నగారు కాఫీ తాగుతూ పేపరు చూస్తుంటారు, నాకు ఇక్కడ ఎండాకాలంలో రాత్రి ఎనిమిది, చలికాలంలో ఏడు. ఇద్దరం మెలకువగా ఉండే టైము అది. పని ఉంటే చూసుకుంటాను, లేకపోతే నాన్నగారు ఆపేస్తారు.

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ దానంతట అదే ఆన్ అవ్వాలంటే?

ఇదీ బయోస్‌లోనే ఉంటుంది. "రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" అనో, "ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్" అనో కంపెనీని బట్టి పేరు మారుతుంది. దాన్ని "పవర్ ఆన్" అని పెడితే కరెంటు రాగానే కంప్యూటర్ లేస్తుంది. బయోస్‌లో చేసే ఈ పనులు దూరం నుంచి చేయలేం, కాబట్టి ఊరెళ్ళినప్పుడే గుర్తుపెట్టుకుని చేయాలి. ల్యాప్‌టాప్‌లకి బ్యాటరీ ఉంటుంది కాబట్టి వాటికి ఈ చింత తక్కువ.

రూటర్‌కి విడిగా ఒక చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి. కంప్యూటర్ యూపీఎస్ పది పదిహేను నిమిషాలకి కుయ్‌కుయ్‌మంటూ ఆగిపోతుంది, కానీ రూటర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి మినీ యూపీఎస్ మీద గంటల తరబడి నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రూటర్ పెట్టిన ప్లగ్‌కి ఇన్వర్టర్ లైను ఉందో లేదో మెయిన్ ఆపి ఒకసారి చూసుకోండి. ఇవన్నీ చేసినా ఒక్కోసారి ఇంటర్నెట్ రాదు. వీధి చివర స్తంభం మీద కేబుల్ ఆపరేటర్ పెట్టిన పెట్టెకే కరెంటు లేకపోతే మన చేతిలో ఏమీ ఉండదు. కరెంటు వచ్చేదాకా ఆగడమే.

వేక్ ఆన్ ల్యాన్ వాడితే సరిపోదా?

ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నిద్రపోతున్న కంప్యూటర్‌ని లేపడానికి పంపే ఆ మ్యాజిక్ ప్యాకెట్ 102 బైట్ల చిన్న సందేశం. అది ఇంటి నెట్‌వర్క్ లోపల పనిచేసేలా చేసింది, ఇంటర్నెట్ మీదుగా మామూలుగా రూటర్ దాటి లోపలికి రాదు. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే రెండో పరికరం ఏదైనా ఉంటే దాని ద్వారా పంపించొచ్చు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ రెండింటిలోనూ ఆ ఏర్పాటు ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసిన కంప్యూటర్ లేవకపోవచ్చు, దాన్ని ఆపాలి. పైన చెప్పిన ఆర్‌టీసీ అలారం ఇంతకంటే చాలా తేలిక.

మరి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి?

ఎవరూ లేకపోయినా కనెక్ట్ అవ్వాలంటే నేను మొదట చెప్పేది క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్. డబ్బు కట్టక్కర్లేదు, విండోస్‌లో సర్వీసుగా, అంటే వెనకాల ఎప్పుడూ నడుస్తూ, కూర్చుంటుంది, మన గూగుల్ అకౌంటు, దాని పైన కనీసం ఆరంకెల పిన్ ఉంటేనే తెరుచుకుంటుంది. క్రోమ్ తెరిచి ఉంచాల్సిన అవసరం కూడా లేదు. సౌకర్యాలు తక్కువ. ఆ తక్కువే దానికి మేలు చేసింది, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ రెండూ జర్మనీ కంపెనీలవి. నెమ్మదిగా ఉండే లైన్ల మీద ఎనీడెస్క్ బాగా నడుస్తుందని నా అనుభవం. రస్ట్‌డెస్క్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. కావాలంటే సర్వర్ కూడా మనమే పెట్టుకోవచ్చు, కానీ ఆ సర్వర్‌ని చూసుకునే బాధ్యత కూడా మన మీదే పడుతుంది. కంప్యూటర్ పని తెలిసినవాళ్ళకే అది.

విండోస్‌తో పాటే వచ్చే క్విక్ అసిస్ట్ గురించి చాలామందికి తెలియదు. అటువైపు మనిషి ఉన్నప్పుడు ఇది చక్కగా పనికొస్తుంది. సాయం చేసేవాళ్ళు మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి ఒక కోడ్ తీసుకుని ఫోన్లో చెప్తారు, ఆ కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది. ఎవరూ లేనప్పుడు లోపలికి వెళ్ళే మార్గం ఇందులో లేదు. పెద్దవాళ్ళ భద్రత కోసం చూస్తే అది మంచిదే.

విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ గురించి కూడా అడుగుతుంటారు. ఇంటి కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే హోమ్ ఎడిషన్‌కి బయటి నుంచి అలా కనెక్ట్ అవ్వలేం, ప్రో ఉండాలి. ప్రో ఉన్నా, మనం కనెక్ట్ అవ్వగానే అక్కడి స్క్రీన్ లాక్ అయిపోతుంది, నాన్నగారికి ఏమీ కనిపించదు. పక్కన కూర్చుని నేర్పించినట్టు చూపించాలంటే అది పనికిరాదు.

నా సలహా ఒక్కటే, రెండు వేర్వేరు కంపెనీలవి పెట్టుకోండి. ఒకటి మొరాయించిన రోజున రెండోదాంట్లోంచి వెళ్ళి మొదటిదాన్ని బాగుచేయొచ్చు. ఒకటే ఉన్నప్పుడు దాన్ని దానిలోంచే అప్‌డేట్ చేయబోతే, మధ్యలో కనెక్షన్ తెగి తిరిగి రాని రోజు తప్పకుండా వస్తుంది. ఒక దీపావళి ముందు నాకు అదే జరిగింది. పక్కింటి కుర్రాడు కాలేజీ నుంచి వచ్చేదాకా ఆ కంప్యూటర్ నాకు అందలేదు.

ఫ్రీ వెర్షన్ మీద ఆధారపడొచ్చా?

వాడండి, కానీ అదే శాశ్వతం అనుకోవద్దు. లాగ్‌మీఇన్ అనే కంపెనీ చాలా ఏళ్ళు ఉచితంగా ఇచ్చిన సేవని 2014 జనవరిలో ఆపేసింది. అప్పటిదాకా వాడుకున్నవాళ్ళకి మళ్ళీ లాగిన్ అయ్యాక దొరికింది వారం గడువు మాత్రమే. టీమ్‌వ్యూయర్ సొంత వాడకానికి ఉచితమే, కానీ వ్యాపారానికి వాడుతున్నారని దానికి అనుమానం వస్తే కొద్ది నిమిషాల్లో కనెక్షన్ తెంచేస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ఇంటికి కనెక్ట్ అవ్వడం, చాలా కంప్యూటర్లకి కనెక్ట్ అవుతుండడం ఆ అనుమానానికి దారితీస్తాయి. సొంత వాడకమేనని వాళ్ళకి ఫారం నింపి పంపిస్తే సరిచేస్తారు, అయితే అందుకు రోజులు పడుతుంది. రెండు సాఫ్ట్‌వేర్లు ఉండాలని చెప్పడానికి ఇదింకో కారణం.

కనెక్ట్ అవుతుంది కానీ స్క్రీన్ నల్లగా ఉంటుంది, లేదా "ఎస్" బటన్ నొక్కలేకపోతున్నాను. ఎందుకు?

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ స్క్రీన్ అంతా మసకబరిచి "అనుమతిస్తారా?" అని అడుగుతుంది కదా, అది మామూలు ప్రోగ్రాములకి అందకుండా విడిగా ఉంచిన స్క్రీన్. సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే రన్ చేసి ఉంటే అక్కడ మన మౌస్ పనిచేయదు. అటువైపు ఉన్నవాళ్ళే "ఎస్" నొక్కాలి. అడ్మినిస్ట్రేటర్‌గా ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ ఇబ్బంది రాదు.

మొత్తం నల్లగా ఉంటే మానిటర్‌ని చూడండి. నాన్నగారు మానిటర్ స్విచ్ ఆపేస్తే కొన్ని కంప్యూటర్లు స్క్రీనే లేదనుకుని బొమ్మ పంపడం మానేస్తాయి. మానిటర్ ఉన్నట్టు నమ్మించే చిన్న హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ దొరుకుతుంది, వెనకాల గుచ్చి వదిలేస్తే చాలు.

అమెరికా నుంచి కనెక్ట్ అయితే మౌస్ ఆలస్యంగా కదులుతుంది. మంచి ప్లాన్ తీసుకుంటే బాగవుతుందా?

పూర్తిగా బాగవదు. హైదరాబాద్ నుంచి డల్లాస్ 14 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గీత గీసినట్టు తిన్నగా కేబుల్ వేసినా వెళ్ళి రావడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్ళు సముద్రాల కింద చుట్టూ తిరిగి పోతాయి కాబట్టి నిజానికి 250 నుంచి 300 దాకా అవుతుంది. ఎన్ని ఎంబీపీఎస్ కొన్నా ఈ దూరం తగ్గదు.

తగ్గించగలిగింది మిగతా ఆలస్యం. కంప్యూటర్‌ని వైఫై మీద కాకుండా కేబుల్‌తో రూటర్‌కి కలపండి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో క్వాలిటీ కంటే వేగానికి ప్రాధాన్యం ఇవ్వండి. రెజల్యూషన్ తగ్గించండి.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది వేరే పద్ధతి. ఫోన్ స్పీకర్లో పెట్టి, నేను మౌస్‌తో చూపిస్తాను, నాన్నగారు నొక్కుతారు. "ఇక్కడా?" "అదే నాన్నా, దాని కింద పచ్చగా ఉంది చూడండి." ఆలస్యం ఇబ్బంది పెట్టదు, పైగా మరుసటిసారి ఆ పని ఆయనే చేసుకుంటారు. పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫొటో సైజు తగ్గించడం అలాగే వచ్చింది ఆయనకి. ఇప్పుడు ఆ వీధిలో రిటైరైన టీచర్లందరికీ ఆయనే చేసిపెడుతున్నారు.

ఈ కంపెనీల సర్వర్లే హ్యాక్ అయితే?

అలాంటివి జరిగాయి. 2024 ఫిబ్రవరి 2న ఎనీడెస్క్ తన సర్వర్లలోకి హ్యాకర్లు చొరబడ్డారని ప్రకటించింది. తన వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దు చేసి, సాఫ్ట్‌వేర్ మీద వేసే డిజిటల్ సంతకాన్ని కూడా మార్చింది. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగింది. వాడుకదారుల కనెక్షన్లు నడిచే భాగం విడిగా ఉందని, అక్కడిదాకా రాలేదని కంపెనీ చెప్పింది.

దీనికి భయపడి మానేయమని నేను చెప్పను. చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అకౌంటుకి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. ఎవరూ లేనప్పుడు కనెక్ట్ అవ్వడానికి పెట్టే పాస్‌వర్డ్ పొడవుగా, ఇంకెక్కడా వాడనిదిగా ఉండాలి. అమ్మాయి పేరూ పుట్టిన సంవత్సరమూ వద్దు. ఫలానా ఐడీలని మాత్రమే రానివ్వమనే జాబితా ఉంటే అందులో మీ కంప్యూటర్‌ని మాత్రమే చేర్చండి. సాఫ్ట్‌వేర్‌ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయండి, అసలు సైటు నుంచే తెచ్చుకోండి.

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టుని మాత్రం ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టొద్దు. దాన్ని వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు పగలూ రాత్రీ ఇంటర్నెట్ అంతా గాలిస్తుంటాయి. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చిందంటే దాని తీవ్రత అర్థం చేసుకోండి. తప్పనిసరిగా అదే కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మన పరికరాల మధ్య మాత్రమే ఉండే ప్రైవేటు దారి) లోపల పెట్టుకోండి. ఇంట్లో ఇంకా విండోస్ 10 ఉంటే దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ సంగతి కూడా చూసుకోండి.

అమ్మానాన్నలకి ఎవరో ఫోన్ చేసి ఇదే సాఫ్ట్‌వేర్ వేయించి మోసం చేస్తే?

నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. సర్వర్లు హ్యాక్ అవ్వడం అరుదు. ఇది మాత్రం రోజూ జరుగుతోంది.

మా బాబాయికి ఒక సాయంత్రం మెసేజ్ వచ్చింది: పాత బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి. ఆయన చేశారు. అటువైపు మనిషి ఎంతో మర్యాదగా "సార్, ఒక యాప్ వేసుకోండి, పది రూపాయలు కడితే అప్‌డేట్ అవుతుంది" అన్నాడు. ఆ యాప్ మామూలు రిమోట్ యాక్సెస్ యాపే. తొమ్మిదంకెల నంబరు చదివి చెప్పమన్నాడు. తరవాత పది రూపాయలు కట్టేటప్పుడు ఆయన కొట్టిన పిన్, వచ్చిన ఓటీపీ అన్నీ వాడికి కనిపించాయి. ఖాతాలో డబ్బు పోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి నాలుగు గంటలు గడిచాయి, అప్పటికే అది చేతులు మారిపోయింది. డబ్బు కంటే ఎక్కువగా, "నేనింత తెలివితక్కువగా ఎలా మోసపోయాను" అని ఆయన నెలల తరబడి కుమిలిపోయారు. ఆయన తెలివితక్కువవారు కాదు. కొడుకు ఎప్పుడూ ఫోన్ చేసి "నాన్నా, ఆ నంబరు చెప్పండి" అని అడిగి బాగుచేస్తుంటాడు కాబట్టి, నంబరు అడగడం ఆయనకి వింతగా అనిపించలేదు. మనం చేసిన అలవాటునే వాళ్ళు వాడుకుంటున్నారు.

రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ పేరు చెప్పి బ్యాంకుల్ని హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు, దాన్ని వాడి యూపీఐ ద్వారా డబ్బు లాగుతున్నారని.

అందుకే మా ఇంట్లో ఆ అలవాటే తీసేశాను. నాన్నగారు ఎవరికీ, నాకు కూడా, నంబరు చదివి చెప్పాల్సిన అవసరం లేకుండా శాశ్వతంగా కనెక్షన్ పెట్టేశాను. ఇప్పుడు ఎవరైనా నంబరు అడిగారంటే వాళ్ళు మోసగాళ్ళే, ఆలోచించక్కర్లేదు. నేను వస్తున్నానని ఫోన్ చేసినప్పుడు మా మధ్య ఒక మాట ఉంటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న ఆవు పేరు అది. ఆ మాట చెప్పకపోతే గొంతు నాదే అనిపించినా పెట్టేయమన్నాను. గొంతుని కూడా అనుకరించే రోజులివి.

ఒకవేళ జరిగితే ముందు రూటర్ స్విచ్ కట్టేయాలి. మోసం జరిగింది ఫోన్లోనైతే ఫ్లైట్ మోడ్ పెట్టాలి. వెంటనే వేరే ఫోన్ నుంచి 1930కి, ఆ తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైటులో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఈ నాలుగూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించండి.

ఫోన్‌కి కూడా రిమోట్ పెట్టొచ్చా?

పెట్టొద్దు. బ్యాంకు, యూపీఐ, ఓటీపీ అన్నీ ఉండేది ఫోన్లోనే. కొన్ని బ్యాంకు యాప్‌లు రిమోట్ యాప్ నడుస్తుంటే తెరుచుకోవు కూడా. ఏదైనా చూపించాలంటే వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ ఉంది. మనకి కనిపిస్తుంది కానీ మనం ఏదీ నొక్కలేం, సొంత పిల్లలతో మాత్రమే వాడమని చెప్తే సరిపోతుంది.

ఇంట్లో మ్యాక్ ఉంది. తేడా ఏమైనా ఉందా?

ఉంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్, యాక్సెసిబిలిటీ అనే రెండు అనుమతులు అక్కడ కూర్చున్న మనిషే ఇవ్వాలి. మొదటిది ఇవ్వకపోతే స్క్రీన్ కనిపించదు, రెండోది ఇవ్వకపోతే మౌస్ కదలదు. డిస్క్ మొత్తానికి తాళం వేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంటే రీస్టార్ట్ అయ్యాక ఇంట్లో ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టేదాకా రిమోట్ అందదు.

నేను ఎప్పుడంటే అప్పుడు లోపలికి వెళ్ళగలిగితే వాళ్ళకి ఇబ్బందిగా ఉండదా?

ఉంటుంది, పైకి చెప్పరు. ఒకసారి చెప్పకుండా కనెక్ట్ అయితే నాన్నగారు ఏదో రాసుకుంటున్నారు. నా మౌస్ కదలగానే ఆయన చెయ్యి తీసేసి కూర్చుండిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఫైల్ తెరవలేదని అమ్మ చెప్పింది. అప్పట్నుంచి, తలుపు కొట్టకుండా వాళ్ళ గదిలోకి వెళ్ళనట్టే, ఫోన్ చేయకుండా వాళ్ళ కంప్యూటర్‌లోకి వెళ్ళను. పని అయ్యాక "వెళ్తున్నాను నాన్నా" అని చెప్పి కనెక్షన్ తీసేస్తాను. ఎవరైనా కనెక్ట్ అయి ఉంటే స్క్రీన్ మూలన కనిపించే చిన్న కిటికీని, దాన్ని ఎలా మూసేయాలో కూడా ఆయనకి నేర్పాను. నన్ను బయటికి పంపే హక్కు ఆయనకి ఉండాలి.

పాత కంప్యూటర్ అమ్మేస్తున్నాం, లేదా ఎవరికైనా ఇచ్చేస్తున్నాం. ఏం చేయాలి?

ముందు ఆ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌ని తీసేయండి. తర్వాత మీ అకౌంటులోకి వెళ్ళి పరికరాల జాబితా నుంచి కూడా దాని పేరు తొలగించండి, చాలామంది ఈ రెండో పని మర్చిపోతారు. ఆ మీదట విండోస్‌ని రీసెట్ చేస్తూ "అన్నీ తీసేయి" అన్నది ఎంచుకుని, డ్రైవ్ క్లీన్ చేయమని కూడా చెప్పండి. కొత్తది కొన్నాక బయోస్ సెట్టింగ్‌లు, స్లీప్ సెట్టింగ్, రెండు సాఫ్ట్‌వేర్లు అన్నీ మొదటి నుంచి మళ్ళీ పెట్టాలి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ముందే అవన్నీ ముగించండి. పక్కింట్లోనో మీ ఫోన్ హాట్‌స్పాట్ మీదో కూర్చుని బయటి నుంచి ఒకసారి కనెక్ట్ అయి చూడండి, మెయిన్ ఆపి మళ్ళీ వేసి ఇంకోసారి చూడండి. విమానం ఎక్కాక తేడా తెలిస్తే మళ్ళీ ఊరొచ్చేదాకా ఆగాల్సి వస్తుంది.